అనంతగిరి గాలి, ఎనిమిదింటి డ్యూటీ

"పేడా తీసుకో వదినె, ఇల్లు ఖాయమైంది" అంటూ ఆడబిడ్డ సోనీ మిఠాయి డబ్బా ముందుకు చాపగానే వీణ నవ్వుతూ ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. ఏ ఇల్లో ఆమెకు తెలియదు! ఆ ఆదివారం ఆసుపత్రిలో తన వంతు డ్యూటీ ముగించుకుని, దారిలో పత్తర్‌గట్టిలో డజను ఆకుపచ్చ గాజులు కొనుక్కుని, అవి సంచిలో చిన్నగా గలగలమంటుంటే ఆ చప్పుడుకే మురిసిపోతూ అప్పుడే పాతబస్తీ జహనుమాలోని అత్తవారింట్లో అడుగుపెట్టింది. పెళ్లయి నాలుగు నెలలు. ఇంకా అన్నీ కొత్తే, అన్నీ ముద్దే... రేషన్ కార్డులో తన పేరు ఎక్కిన రోజున కూడా పండుగ చేసుకున్న పిల్ల! సోనీ ఉండేది జల్‌పల్లిలో. అక్కడే ఏదో ఇల్లు చూసి ఉంటారనుకుంది.

"ఎక్కడ సోనీ, మీ గల్లీలనేనా?"

"మా గల్లీల ఏమున్నది దుమ్ము తప్ప. వికారాబాద్‌ల, అనంతగిరి గుట్ట కిందనే. నీకెవ్వరు చెప్పలేదా?"

పేడా గొంతులోనే ఆగిపోయింది.

మారాలన్న మాట ఇంట్లో రెండు నెలలుగా నలుగుతున్నదే. అత్త కళావతికి ఊపిరి జబ్బు. వీధిలో ఒక లారీ పోతే చాలు, అరగంట దగ్గు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఛాతీ ఎగరేస్తూ నిలబడిపోయేది. ఈ దుమ్ములో ఉంచవద్దు, గాలి బాగుండే చోటికి తీసుకుపోండి అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. "మారిపోదాం" అని అందరికంటే ముందు అన్నది వీణే! కానీ ఏ ఊరికి మారాలో తేల్చే రోజు వచ్చేసరికి, ఆమెకు డ్యూటీ ఉన్న ఆదివారమే చూసుకుని మామయ్య ఆగయ్య, భర్త నగేష్, సోనీ భర్త కలిసి కారు మాట్లాడుకుని వెళ్లి, అద్దె ఇంటికి బయానా ఇచ్చేసి, మిఠాయి డబ్బాతో తిరిగొచ్చారు. కారులో ఇంకొక సీటు ఖాళీగానే ఉందట. అందులో కళావతిని కూడా కూర్చోబెట్టలేదు.

"చూడాలె వీణా నువ్వు" అన్నాడు నగేష్, కళ్లు మెరుస్తుండగా. "వాకిట్ల నిలబడితే గుట్ట. పొద్దుగాల మంచు మస్తుంటదంట. పెళ్లైనంక పోయినం కదా అనంతగిరికి, ఈడనే ఉండిపోదామని నువ్వే అన్నవ్."

అన్నది, నిజమే. కాల్చిన మొక్కజొన్న కంకి కొరుకుతూ, చలికి అతని కోటు జేబులో తన చెయ్యి కూడా దూర్చి అన్నది. కొత్త పెళ్లికూతురు మురిపెంగా అన్న మాటను ఇంటి పత్రంలా దాచిపెట్టుకుని ఇవాళ తీసి ముందు పెడుతున్నాడు!

"నా డ్యూటీ ఎనిమిదింటికి కదా" అంది వీణ నెమ్మదిగా.

అందరూ ఆగయ్య వైపు చూశారు. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. ఆ ఇంట్లో రైళ్ల సంగతి ఆయన చెప్పాక ఇంకెవరూ నోరు తెరవరు.

"ఐదూ నలభైకి ప్యాసింజర్ ఉంటది బిడ్డా. ఏడున్నరకల్లా సిటీల దించుతది. నా కండ్ల ముందట నడిచిన బండి. ఏం ఫికర్ చేయకు."

"దిగినంక ఆసుపత్రికి ఇంకా గంట పడుతది మామయ్యా."

"ఎన్ని దినాలు చేస్తవ్ వదినె గా నౌకరి" అంది సోనీ ఇంకో పేడా నోట్లో వేసుకుంటూ. "రేపు పిల్లలైతే ఎట్లైనా బంద్ పెడ్తవ్."

ఎంత తేలికగా అనేసింది! నమిలి మింగినంత తేలికగా! పాతబస్తీలోని ఆ ప్రసూతి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం కోసం వీణ రెండేళ్లు చదివింది, రెండుసార్లు పరీక్ష రాసింది. నెలలు నిండిన ఆడవాళ్లు భయంతో కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపితే, మాటల్లో పెట్టి, నరం వెతికి, ఒకే పోటుకు రక్తం తీసేది. వాళ్లు కళ్లు తెరిచి "అయిపోయిందా?" అని ఆశ్చర్యపోయినప్పుడల్లా ఆమె లోలోపల గంతులు వేసేది. ఆ ఒక్క మాట కోసం ఎన్ని మెట్లైనా ఎక్కి దిగేది. ఆ సంతోషం ఈ ఇంట్లో ఎవరికీ పనిగా కనిపించలేదు... కొత్త కోడలి సరదాగా కనిపించింది!

కళావతి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చేతిలోని ఇన్‌హేలర్‌ను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ వీణ భర్తను అడిగింది. ఫలక్‌నుమా స్టేషన్ వైపు నుంచి లోకల్ రైలు కూత వినిపిస్తోంది. నగేష్ రోజూ అందులోనే ఎక్కి లింగంపల్లి అవతల ఫ్యాక్టరీలో ఫిట్టరు పనికి పోతాడు.

"కొత్తింటికెల్లి నీ ఫ్యాక్టరీకి ఎంతసేపు?"

"గంట. ఏడింటి ఎక్స్‌ప్రెస్, ఒక్కటే బండి, కూసోని పోవుడే."

"ఇప్పుడు?"

"గంటన్నర. ఒక్కోసారి ఎక్కువనే."

"అంటే నీకు అరగంట కలిసొస్తది. నాకు?"

అతను తీగ మీది చొక్కా తీసి, మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టాడు. "రెండున్నర, మూడు గంటలు పడుతదేమో. అలవాటైతది వీణా. అమ్మ ఊపిరి చూడు నువ్వు. నాదేమున్నది ఇందుల."

"అత్తమ్మ పేరు చెప్పి నీకు దగ్గర చేసుకున్నవ్."

"గిట్ల మాట్లాడితే ఎట్ల? నౌకరి ఇడిచిపెట్టమని నేనన్ననా?"

"అనలే. ఇడిచిపెట్టేటట్టు ఇల్లు చూసిన్రు."

అతను బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగిపోయాడు.

ఆ రెండు రోజులూ వీణ కోపంతోనే వండింది, కోపంతోనే డ్యూటీకి పోయింది. కోపం వచ్చినందుకు మళ్లీ తన మీద తనకే కోపం! ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే ఏమంటారు? "అత్త ఊపిరి కంటే నీ నౌకరి ఎక్కువనా?" అంటారు. పక్కింటామె అననే అన్నది కూడా. కాదనడానికి వీలులేని మంచి మాటను ముందు నిలబెట్టి, దాని వెనక ఒక ఆడపిల్ల బతుకును మడిచి పెట్టెలో పెట్టేయడం ఎంత సులువు! మగవాళ్లు ఆదివారం, ఖాళీ రోడ్డు మీద, కారు అద్దాలు దించుకుని, గుట్టలు చూసి, చాయ్ తాగి ఊరిని ఎంచుకున్నారు. ఆ ఊరి నుంచి రోజూ చీకటితోనే లేచి పరుగెత్తాల్సిన మనిషిని ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అడగలేదు!

బుధవారం పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు వీణ మామయ్యకు చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి ఇచ్చింది. ఆయన ముందు పీట మీద కూర్చుంది.

"మామయ్యా, ఒక మాట అడుగుత. కోపం చేసుకోవద్దు. మీరు రోజు సుత్తె పట్టుకొని లైను పొంటి నడిచేటోళ్లు కదా. ఎందుకు?"

పాత పని మాట ఎత్తగానే ఆగయ్య మొహం విప్పారింది. "పట్టా ఎట్లున్నదో చూడొద్దా మరి. ఏ బోల్టు వదులైందో, ఏ కీ ఊడిందో. నడిచి చూడకుంట బండి ఎట్ల వదుల్తరు?"

"కారుల కూసొని పోయి చూస్తె తెల్వదా?"

ఆయన బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ నవ్వాడు. "కారులకెల్లి ఏం తెలుస్తది పిచ్చిదానా. కాలు పెట్టి నడవాలె."

"మరి నన్ను వదిలే తొవ్వ ఎవరు నడిచిన్రు మామయ్యా?"

ముంచిన బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. ఆగయ్య దాన్ని వేలితో తీయబోయి మానేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకే పని నేర్పుతున్నవా నువ్వు" అన్నాడు. కప్పు పక్కన పెట్టేశాడు. "మంచిది. ఇంటి తాళం ఎట్లైనా చేతికొచ్చింది. సోమవారం సంది ఆడికెల్లి నేనే నడుస్త. ఆరు దినాలు. ఎనిమిదింటికి నీ ఆసుపత్రి గేటు కాడ నేనుంట. నేను రాకుంటే అప్పుడడుగు."

మొండి మనిషి. అన్నట్టుగానే ఆదివారం రెండు చాపలు, చిన్న స్టవ్వు సర్దుకుని భార్యను తీసుకుని గుట్ట కింది ఇంటికి బయల్దేరాడు.

సోమవారం ఎనిమిదికి వీణ ల్యాబ్ కిటికీలోంచి గేటు వైపు చూసింది. రాలేదు. ఎనిమిదిన్నర... తొమ్మిది... తొమ్మిదీ నలభైకి వచ్చాడు, చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయి.

"ఏమైంది మామయ్యా, బండి లేటా?"

"బండి లేదంట" అన్నాడు. ఎవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పాడు. "కరోనా అప్పుడే బంద్ పెట్టిన్రంట. మళ్ల వెయ్యలేదంట, ఏడింటి ఎక్స్‌ప్రెస్ పట్టుకొని వచ్చిన. ప్లాట్‌ఫారం మీద నిలబడి అడిగితె, ఏ జమానా ముచ్చట తాతా అని నవ్విండు చాయ్ అమ్మేటోడు."

ముప్పై నాలుగేళ్లు ఆ బండి చక్రాల కింద పట్టాలు చూసిన మనిషి! అది ఆగిపోయిందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. తలలో మాత్రం అది రోజూ ఐదూ నలభైకి బయల్దేరుతూనే ఉంది... దాన్ని నమ్ముకునే కోడలి బతుకు ఎక్కించబోయాడు! తిట్టాలనుకున్న వీణ తిట్టలేకపోయింది. క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించి ఇచ్చింది.

మంగళవారం మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఎనిమిదీ ఇరవై ఐదుకు వచ్చాడు. బుధవారం నాలుగున్నరకే ఇల్లు వదిలి ఏడూ యాభైకి గేటు దగ్గర నిలబడ్డాడు. "చూసినవా" అన్నాడు గర్వంగా. అన్నాడే గానీ, ల్యాబ్ ముందు బెంచీ మీద కూర్చున్న రెండు నిమిషాల్లో నోరు తెరిచి నిద్రపోయాడు. ఆయన పక్కనే ఒక గర్భిణి, బుర్ఖా అంచు నలుపుతూ, ఇంకో టెక్నీషియన్ పిలిస్తే లేవకుండా కూర్చుంది.

"వీణ మేడం హై నా? ఉన్కేచ్ పాస్ దేతీ మై. దర్ద్ నై హోతా." వీణ చేతికైతేనే రక్తం ఇస్తుందట, నొప్పి ఉండదట.

ఆగయ్య కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు, లోపల చేతులు కడుక్కుంటున్న కోడల్ని చూశాడు. ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. ఎంతమంది లోపలికి వెళ్లారో, ఎంతమంది నవ్వుతూ బయటికి వచ్చారో చూస్తూ కూర్చున్నాడు.

గురువారం కుంటుతూ వచ్చాడు. శుక్రవారానికి మోకాలు బూరెలా వాచింది. వీణ ఐసు గడ్డలు గుడ్డలో చుట్టి పెడుతూ ఏడ్చేసింది.

"చాలు మామయ్యా. ఏదో కోపంల అన్న."

"ఆరు దినాలన్న. రేపొక్కటున్నది" అన్నాడాయన పళ్ల బిగువున.

ఇంకొకవైపు రోజూ సాయంత్రం కళావతి ఫోన్ చేసేది. "వీణమ్మా, ఇయ్యాల పక్కింటామెతోని బియ్యం ఏరుకుంట గంట సేపు ముచ్చట పెట్టిన, ఎక్కడ ఆగలే." ఆ గొంతు! నాలుగు నెలల్లో వీణ ఎన్నడూ వినని గొంతు... మాట మధ్యలో ఈల లేదు, ఆయాసం లేదు, ఒక్క వాక్యం మొదలుపెడితే చివరిదాకా హాయిగా సాగిపోతోంది. ఆ గొంతు విని వీణ మురిసిపోయేది. ఫోన్ పెట్టేసి అదే గొంతు తలుచుకుని కుమిలిపోయేది. ఎవరి మీద కోపపడాలి ఇక? ఆ ఊపిరి అబద్ధం కాదు. ఆ గాలి అబద్ధం కాదు. పెద్దాయన మోకాలు వాచేలా తిరిగాడు. అందరూ తలా కొంచెం మోశారు... మిగిలింది తనే. శనివారం డ్యూటీ దిగేటప్పుడు తెల్ల కోటు విప్పి, మడిచి, దాన్ని ల్యాబ్ బీరువాలో పెట్టకుండా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకుంది.

ఆదివారం అందరూ జహనుమా ఇంట్లో కూర్చున్నారు. బస్సు దిగి ఇల్లు చేరేలోగానే కళావతికి దగ్గు తిరగబెట్టింది. సోనీ నీళ్లు తాగిస్తోంది. ఆగయ్య మంచం మీద కాలు చాపుకుని గోడ వైపు చూస్తున్నాడు.

"నేను నౌకరి మానేస్త" అంది వీణ. "వచ్చే నెల్ల అందరం పోదాం."

నగేష్ భుజాలు కిందికి జారాయి, హమ్మయ్య అన్నట్టు. ఆ చిన్న కదలికను వీణ చూసింది. కళావతి కూడా చూసింది.

"మంచి బుద్ధి పుట్టింది వదినె" అంది సోనీ. "లొల్లి తీరిపోయింది."

"ఎందుకు మానేస్తవ్?" అంది కళావతి.

"మీ కోసమే అత్తమ్మా. ఫోన్‌ల మీ గొంతు విన్న కదా..."

"నా కోసమా." కళావతి ఇన్‌హేలర్ ఒకసారి పీల్చింది. కూతురి వైపు తిరిగింది. "సోనీ, నువ్వు చిన్నగున్నప్పుడు నేనేం పని చేసేదాన్నే?"

"అగర్‌బత్తీలు చుట్టేదానివి. ఎందుకమ్మా ఇప్పుడు?"

"యాడ చుట్టేదాన్ని?"

"ఇంట్లనే. గీ అర్రలనే."

"ఫ్యాను ఏసేదాన్నా?"

"లేదు... పొడి ఎగురుతదని."

"కిటికీ?"

సోనీ నీళ్ల గ్లాసు కింద పెట్టింది. తల్లి అడిగింది మళ్లీ. "మూసేదానివి" అంది కూతురు, నేల చూస్తూ.

"నాకు బడిల ఆయా నౌకరి వచ్చింది. నగేషుకు రెండేండ్లప్పుడు. నడిచిపోతె పది నిమిషాలు. పెద్ద చింతచెట్టుండె బడి ముందట, పిల్లలు, గాలి... మీ బాపు ఏమన్నడో తెలుసా? ఆడది బయటికెందుకు, ఇంట్లనే కూసోని సంపాదించుకో అన్నడు. కూసున్న. ఇరవై ఏండ్లు కూసున్న. తలుపేసుకోని, కిటికీ మూసుకోని, పొడి పీల్చుకుంట కూసున్న. మిమ్ములను చదివిచ్చిన, పెండ్లిళ్లు చేసిన. కూసోబెట్టబట్టె నా ఊపిరి గిట్లైంది." దగ్గు వచ్చింది. నగేష్ లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు గదే ఊపిరి పేరు చెప్పి ఇంకొకదాన్ని ఇంట్ల కూసోబెడ్తరా? నా పేరు మీద? నన్నడిగిన్రా?"

ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. సోనీ చేతులకు చిన్నప్పటి ఆ పొడి రంగు తెలుసు. నగేష్ బడి సంచికి ఆ వాసన తెలుసు. కానీ ఆ పొడికీ ఈ దగ్గుకూ మధ్య ఒక మగవాడి మాట ఉందని ఎవరూ అనలేదు... ఇవాళ అనాల్సిన మనిషే అన్నది!

ఆగయ్య గోడ వైపు నుంచి మొహం తిప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆరు దినాలు నడిచిన" అన్నాడు. "బండి వదిలే లైను కాదది. నేనే వద్దని చెప్తున్న. వీణమ్మ ఆ తొవ్వ పట్టొద్దు." భార్య వైపు తిరిగాడు. "అప్పుడు గూడ నడిచి చూస్తే అయిపోతుండె. ఒక్క దినమన్న కిటికీ మూసుకోని నీ పక్కన కూసుంటే తెలుస్తుండె నాకు. కూసోలే."

కళావతి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె ఏడుస్తోందని వీణకు అర్థమైంది, కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నేను పోత గుట్టకు. నాకు గాలి కావాలె, లేదని అంటలేను. నువ్వొస్తవా రావా నీ ఇష్టం."

"రాక యాడికి పోత" అన్నాడు ఆగయ్య.

"పిల్లలు ఈడనే ఉంటరు. ఆదివారం ఆదివారం వచ్చి పోతరు."

"మరి నా ఫ్యాక్టరీ..." అని మొదలుపెట్టాడు నగేష్.

"ఇన్నేండ్ల సంది పోతలేవా" అంది తల్లి. "గదే పోవుడు. గదే బండి."

సోనీకి నవ్వాగలేదు. మొహం పక్కకు తిప్పుకుంది.

మరుసటి ఆదివారం సామాను చేరవేశారు. పెద్దవాళ్లు ముందే లారీలో వెళ్లారు. నగేష్, వీణ మిగిలిన సంచులతో మామయ్య తిరిగిన దారినే, ఆయన పట్టిన బస్సులోనే వెళ్లారు. చేవెళ్ల దాటేదాకా నగేష్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నిలబడ్డ ఒక ముసలాయన మోకాలు రుద్దుకోవడం చూసి, లేచి సీటిచ్చి, వీణ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు రెండు నెలల్ల విసుగొచ్చి నువ్వే మానేస్తవనుకున్న" అన్నాడు మెల్లగా. "బండి బంద్ అయిన సంగతి తెల్వదు గాని, గీ తొవ్వల నువ్వు నిలవలేవని మాత్రం తెలుసు నాకు. తెలిసే ఊకున్న."

ఆ మాట వినడానికి వీణ ఎన్ని రోజులు ఎదురుచూసిందో! విన్నాక మాత్రం సంతోషం రాలేదు. మంట వచ్చింది, ఆ మంట మీద నీళ్లు చల్లినట్టు కొంచెం చల్లగానూ అయింది.

"ఇంకోసారి నా గురించి నీకు ఏదన్న తెలిస్తె, ముందుగాల నాకు చెప్పు" అంది.

అతను తల ఊపాడు. బస్సు మలుపు తిరిగింది. దూరంగా, పచ్చగా, ఏ పాపమూ ఎరగనట్టు గుట్టలు కనిపించాయి. ఎంత బాగున్నాయో! వాటి మీద ఆమెకు ఎప్పుడూ కోపం లేదు.

సోమవారం ఏడూ యాభై ఐదుకు వీణ ల్యాబ్‌లో ఉంది. పదింటికి జేబులో ఫోన్ మోగింది. కళావతి.

"వీణమ్మా, గుట్ట మీద మొదటి మలుపు దాకా ఎక్కిన. ఒక్కసారి గూడ ఆగలే. మీ మామయ్యనే కింద ఉండిపోయిండు, మోకాలంట. రాయి మీద కూసొని నన్నే చూస్తున్నడు. గాలి ఎట్లున్నదో తెలుసా..."

"చెప్పండి అత్తమ్మా" అంది వీణ, కళ్లు చెమర్చగా.

అవతల కళావతికి టైము గుర్తొచ్చింది.

"డ్యూటీల ఉన్నవా?"

"ఉన్న. ఒకామె చెయ్యి పెట్టి కూసున్నది."

"అయితే పెట్టేయ్. పని చూస్కో ముందు" అని కళావతి తనే ఫోన్ పెట్టేసింది.